మూడో లైన్ ఎందుకు వంకర తిరిగింది? (ఇంకుడు గుంతలో దొరికిన రాళ్లు, నాగోలు వైపు పాత పొలాలు)

#1 వంకరలైన్
ఇంటి వెనక ఇంకుడు గుంత తవ్విస్తుంటే మూడడుగుల దగ్గర గడ్డపార ఠంగుమంది. బండ తగిలిందనుకున్నాం. మట్టి తీస్తే పొడవాటి రాతి స్తంభం, అడ్డంగా పడి ఉంది. దాని కింద ఇంకోటి. మొత్తం మూడు. ఒక్కోటి ఎనిమిదడుగులుంటుంది, జానెడు మందం, చెక్కుడు పనేమీ లేదు. ఒకదానికి ఇనుప తీగ మూడు చుట్లు చుట్టి ఉంది, పట్టుకుంటే తుప్పు పొడిగా రాలింది. చుట్టూ నల్లటి జిగురుమట్టి, పారకు అంటుకుంటే వదలదు.

మాది నాగోలు, బండ్లగూడ మధ్య ఒక కాలనీ. పేరు రాయను, ప్లాట్లు అమ్మకానికి పెట్టినవాళ్లు తిడతారు. నాన్న 1991లో 200 గజాలు కొన్నారు, 97లో ఇల్లు కట్టారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇవేవీ అడగాలని తోచలేదు.

ఇంకో సంగతి. కాలనీలో లైన్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. మా మూడో లైన్ ఒక్కటే మధ్యలో కొడవలిలా వంగుతుంది. వాన పడితే నీళ్లు నిలిచేదీ మా లైన్లోనే. 2020 అక్టోబరులో మా గేటు సగం మునిగింది. నాలుగో లైన్ వాళ్లు మెట్ల మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ టీ తాగారు (మర్చిపోలేదు).

ఇక్కడ అసలు ఏముండేది?

#2 రెంటుకున్నోడు
నిధి అని మాత్రం మా ఓనర్‌కు చెప్పకండి. అద్దె పెంచుతాడు.

#3 చింతచిగురు
వీరగల్లు (యుద్ధంలో పోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టే రాయి) కావచ్చు. బొమ్మ ఏమైనా ఉందా?

#4 వంకరలైన్
బొమ్మా లేదు, అక్షరం లేదు. ఒక కొస దగ్గర చిన్న గాడి ఉంది, వేలు పట్టేంత.

#5 బాగాయత్_బిడ్డ
గాడి, తీగ అన్నారంటే ఇక ఆలోచించక్కర్లేదు. అవి కడీలు. ద్రాక్ష పందిరి కడీలు.

మీలో చాలామందికి నమ్మబుద్ధి కాదు గానీ సరూర్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా, ఇటు ఉప్పల్ దాకా ఎటు చూసినా ద్రాక్ష తోటలే ఉండేవి. అనాబ్-ఎ-షాహీ. పొడుగ్గా, లేత పచ్చగా, లోపల గింజతో ఉండే కాయ. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన హైదరాబాదులో మొదట నాటారని చెప్తారు. మా తాతకు నాలుగెకరాల తోట. పందిరికి ఇనుప స్తంభాలు వేసే స్తోమత ఎవరికీ లేదు, చుట్టూ గుట్టలే కాబట్టి రాతి కడీలే చవక. రెండడుగులు భూమిలో పాతి, పైన గాడిలో తీగ కూర్చోబెట్టి, అటూ ఇటూ లాగి వల లాగా అల్లేవాళ్లు. కింద మనిషి చేయెత్తితే కాయ అందాలి, అదీ ఎత్తు లెక్క.

ఎండాకాలంలో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఒక కత్తిరింపు. అక్టోబరుది చేశాక వాన పడితే ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. బూజు తెగులొస్తే పంట మొత్తం పోతుంది. మైలతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం కొట్టేవాళ్లు. ఆ నెలంతా మా నాయన చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదు, అందుకని మా అమ్మ ముద్దలు కలిపి చేతికిచ్చేది. ఫిబ్రవరి చివర నుంచి కోత. పండ్ల మార్కెట్ ముందు జాంబాగ్‌లో ఉండేది, 1986లో కొత్తపేటకు వచ్చింది. కొత్తపేటకు రాగానే మా వాళ్లు "ఇక మన పంట పండింది, మార్కెట్ ఇంటి ముందుకే వచ్చింది" అనుకున్నారు. మార్కెట్ వెనకాలే వెంచర్ల వాళ్లూ వచ్చారు.

మా తాత 1989లో అమ్మాడు.

#6 గుంటూరోడు
అన్నా, కథ బాగుంది కానీ #1లో "నల్లటి జిగురుమట్టి" అని ఉంది చూడండి. మాది పెదనందిపాడు వైపు, నల్లరేగడిలో పుట్టి పెరిగాను. ఆ మట్టిలో ద్రాక్ష ఎవరు వేస్తారు? నీళ్లు దిగవు, వేరు కుళ్లుతుంది. తోట అయితే ఎర్ర చెలక అయుండాలి.

#7 బాగాయత్_బిడ్డ
#6 మా తోటది ఎర్ర నేలే, ఇసుక కలిసినది. మీ మాట ఒప్పుకుంటా. కానీ అవి కడీలు కావంటే మాత్రం ఒప్పుకోను.

#8 రెంటుకున్నోడు
రాయి ఒకరిది, మట్టి ఇంకొకరిది. మా ఇంటి కరెంటు బిల్లు లాగే ఉంది.

#9 పాత_పహాణీ
రెవెన్యూలో 31 ఏళ్లు చేసి దిగినవాణ్ణి. ఊహలతో కొట్టుకోకండి. మీ సేల్ డీడ్‌లో సర్వే నంబరు ఉంటుంది (ఇక్కడ పెట్టవద్దు, మీ దగ్గరే ఉంచుకోండి). ఆ నంబరుకు పాత పహాణీ (ఏ భూమి ఎవరిది, ఏ పంట వేశారు అని ఏటా రాసే రెవెన్యూ లెక్క) నకలు తీయించండి. నిజాం కాలపు లెక్కల్లో భూమి మూడు రకాలు. ఖుష్కి అంటే మెట్ట, తరి అంటే మాగాణి, బాగాయత్ అంటే బావి కింది తోట. ఉప్పల్ భగాయత్ అని ఇవాళ మీరంతా గొప్పగా చెప్పుకునే లేఅవుట్ పేరు అక్కడిదే. 2019లో హెచ్‌ఎండీఏ (హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ) వేలం వేసినప్పుడు గజం ధర చూసి నోరు తెరిచినవాళ్లలో ఎంతమందికి అది తోట భూమి అని తెలుసో.

పహాణీలో నీటి వనరు అని ఒక గడి ఉంటుంది. అందులో "బావి" అని ఉంటే #5 గారిది గెలుపు. "చెరువు" అని ఉంటే #6 గారిది.

#10 వంకరలైన్
డీడ్ ఇప్పుడే తీశాను. అందులో "డ్రై ల్యాండ్" అని ఉంది. లింకు డాక్యుమెంటు 1988ది, జీపీఏ (అమ్మే అధికారం ఇచ్చే పత్రం). అంతకుముందుది లేదు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తోంది, అందులోనూ కొత్తగా ఏమీ లేదు.

#11 పాత_పహాణీ
డీడ్‌లో రాసింది పట్టుకుని నేల సంగతి తేల్చకండి. అమ్మేవాడు ఏది సులువైతే అది రాయించాడు. ఆ రోజుల్లో ప్లాట్ల డీడ్లు ఒకే మోడల్ కాగితం మీద గజాలు, హద్దులు మార్చి టైపు కొట్టేవాళ్లు. పహాణీయే చూడాలి.

#12 కట్టమీదికాకి
మీరందరూ కాగితాలు వెతుకుతున్నారు. వంకరలైన్ గారూ, ఒక మాట అడుగుతా. మీ కాలనీకి పోయే మెయిన్ రోడ్డు ఒక దగ్గర ఎత్తుగా లేచి మళ్లీ దిగుతుంది. ఆ ఎత్తు మీద ఎడమ చేతి వైపు ఒక చిన్న గుడి, వేపచెట్టు కింద. అవునా?

#13 వంకరలైన్
అవును! కట్టమైసమ్మ గుడి. బోనాలకు ట్రాఫిక్ ఆగిపోతుంది. మీకెలా తెలుసు?

#14 కట్టమీదికాకి
కట్టమైసమ్మ ఉన్న దగ్గర కట్ట ఉండక ఇంకేముంటుంది? మీరు రోజూ బండి నడిపేది కుంట కట్ట మీద. రోడ్డు వేసినవాళ్లకు మట్టి పోసే పని తప్పింది, ఉన్న కట్టనే తారు పోసి రోడ్డు చేశారు.

మా అమ్మ ఆ కట్ట కింద పొలాల్లో నాట్లేసింది. పెళ్లయి వచ్చిన ఏటి నుంచి, కాలనీ రాళ్లు పాతేదాకా. ఇప్పుడే అడిగాను. తూము నుంచి కాలువ తిన్నగా రాదు, మధ్యలో ఒక పెద్ద బండ ఉండేదట, దాన్ని చుట్టి వంగి పోయేదట. ఆ వంపు దగ్గర నీళ్లు నెమ్మదిగా పారేవి కాబట్టి ఆడవాళ్లు నాటు అయిపోయాక అక్కడే కాళ్లు కడుక్కునేవాళ్లు. మీ మూడో లైన్ ఆ కాలువ. బండను ఎప్పుడో పగలగొట్టి పునాదులకు వాడుకున్నారు, వంపు మాత్రం మిగిలింది.

మత్తడి ఎటుండేదో కూడా చెప్పింది, అది తర్వాత రాస్తా. మెడికల్ షాపు మూసేస్తారు, వెళ్లాలి.

#15 గుంటూరోడు
మత్తడి అంటే మా అలుగేనా?

#16 చింతచిగురు
#15 అదే. చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు.

#17 గుడిఅవతల
ఆగండాగండి. కట్టకు ఒక పక్క పొలాలు అంటే రెండో పక్క నీళ్లే కదా? నేను పోయిన నెల గుడి అవతల పక్క ఫ్లాటుకు అడ్వాన్స్ ఇచ్చాను. టెన్షన్ మొదలైంది.

#18 రెంటుకున్నోడు
అందుకే నేను రెంటుకున్నా.

#19 పాత_పహాణీ
ఇది బాగా తెలుసుకోవలసిన విషయం, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

కట్టకు లోపలి వైపు, నీళ్లు నిలిచే నేల, శిఖం. నీళ్లు తగ్గినప్పుడు అందులో కొందరు సాగు చేసుకునేవాళ్లు, కొన్ని చోట్ల శిఖం పట్టాలు కూడా ఉన్నాయి, కానీ నీళ్లొస్తే అది చెరువే. కట్టకు బయటి వైపు, తూము నీళ్లు పారే నేల, ఆయకట్టు. అది రైతుల పట్టా భూమి. ఆయకట్టులో ఇల్లు కట్టుకోవడం, శిఖంలో ఇల్లు కట్టుకోవడం ఒకటి కాదు. 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ) వచ్చాక రెండింటినీ కలిపి అందరూ భయపడుతున్నారు.

#17 గారూ, చూడవలసింది ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన నేల. హెచ్‌ఎండీఏ చెరువుల సైట్‌లో మ్యాపులున్నాయి. గ్రామ నక్షా (ఊరి సర్వే పటం) కూడా తీసుకుని రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. బిల్డరు ఇచ్చిన రంగుల బ్రోచర్‌లో మాత్రం చూడకండి, అందులో చెరువు ఉంటే "లేక్ వ్యూ" అని ఉంటుంది.

#20 గుడిఅవతల
సరిగ్గా అదే ఉందండీ. "లేక్ వ్యూ".

#21 రెంటుకున్నోడు
😂😂 వ్యూ కాదు బ్రో, ఎంట్రీ.

#22 డల్లాస్_దోశ
మేముండే ఫ్రిస్కో కూడా ఒకప్పుడు రైల్వే లైను పక్కన పుట్టిన వ్యవసాయపు ఊరే. మా ఇంటి వెనక ఇంకా ఒక జొన్న చేను మిగిలింది. ప్రతి ఏడూ "ఈసారి ఇక్కడ ఇళ్లు లేస్తాయి" అని పందెం వేసుకుంటాం.

#23 వేదిక_కాపలా
ఫ్రిస్కోకు వేరే చర్చ తెరవండి. ఇక్కడ నాగోలు మాత్రమే. ఇంకా, "నీళ్లు మన ఇంట్లోకి రాలేదు, మనమే నీళ్ల ఇంట్లోకి వెళ్లాం" అనే డైలాగ్ ఇప్పటికే ఇద్దరు రాశారు, తీసేశాను. మూడోవాళ్లు కొడితే వారం బ్యాన్.

#24 చింతచిగురు
ఒకటి అర్థం కాదు. ఇంత తోటలు, ఇంత పొలాలు ఉండగా అందరూ ఒకేసారి ఎందుకు అమ్మేశారు? #5లో తాతగారు 89లో అమ్మారన్నారు. అంత మంచి పంట వదులుకుని?

#25 బాగాయత్_బిడ్డ
మంచి పంటే, కానీ ప్రతి ఏడూ కాదు. ఒక ఏడు వాన, ఒక ఏడు తెగులు. బావి అడుగంటింది, బోరు వేస్తే పక్క తోటవాడు ఇంకా లోతుగా వేశాడు. కత్తిరింపు తెలిసిన మనుషులు మేస్త్రీ పనికి పోయారు, అక్కడ కూలి ఎక్కువ, రోజూ పని. మేం మనుషుల్ని వెతుక్కుంటున్న చోటే, మా గట్టు పక్కనే, వాళ్లు ఇళ్లు కడుతున్నారు. పైగా ఇద్దరు బాబాయిలు, ముగ్గురు అత్తలు. నాలుగెకరాల పందిరిని ఐదారు ముక్కలు ఎలా చేస్తారు? డబ్బయితే పంచుకోవచ్చు.

డబ్బుతో ఏం చేశారంటే, అత్తల పెళ్లి అప్పులు తీర్చారు, ఒక లారీ కొన్నారు. లారీ ఆరేళ్లు నడిచింది. లారీ ముందు "ద్రాక్షమ్మ దీవెన" అని రాయించాడు తాత. మా నాయన దాని మీద డ్రైవరుగా చేశాడు, చేతులు నీలం పోయి నల్లబడ్డాయి.

#26 కట్టమీదికాకి
#25 మీ కష్టం నేను కాదనను. కానీ అమ్మినవాళ్లకు లారీ అయినా వచ్చింది. నాటేసినవాళ్లకు ఏం వచ్చింది? పొలం ఎవరిదో వాళ్లు అమ్మారు, మా అమ్మకు ఒకరోజు పొద్దున "రేపటి నుంచి రావద్దు" అన్నారు. అంతే. తర్వాతి వారం అదే పొలంలో తట్ట మోసింది, మట్టి పోయడానికి. ఏ మళ్లలో నాటు వేసిందో అవే మళ్లు పూడ్చింది. కూలి మాత్రం ఐదు రూపాయలు ఎక్కువిచ్చారు, అది ఇప్పటికీ చెప్తుంది.

కాలనీ చరిత్ర అంటే పట్టాదారు పేరు, కొన్నవాళ్ల పేరు, వెంచర్ పేరు. ఇందులో మా అమ్మ ఎక్కడా ఉండదు.

#27 పాత_పహాణీ
#26 నిజం. పహాణీలో పట్టాదారు గడి ఉంది, అనుభవదారు గడి ఉంది, కూలీకి గడి లేదు. 1950 కౌలుదారీ చట్టంతో రక్షిత కౌలుదార్లకు కొంత రక్షణ వచ్చింది, 38ఈ సర్టిఫికెట్లు (కౌలుదారుకే భూమి హక్కు ఇచ్చే కాగితాలు) వచ్చాయి. ఈ చుట్టుపక్కల కోర్టు కేసుల్లో చాలావాటికి ఆ కాగితమే మూలం. కానీ రోజు కూలికి వచ్చే మనిషికి ఏ సర్టిఫికెట్టూ లేదు.

#24 అడిగినదానికి నా లెక్క వేరే. రైతు ఎందుకు అమ్మాడన్నది సగం ప్రశ్న, ఊరు ఇటు ఎందుకు నడిచిందన్నది మిగతా సగం. మలక్‌పేట దాటితే దిల్‌సుఖ్‌నగర్, అదీ దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే ఆయన పొలం ప్లాట్లు చేస్తే పుట్టిందే అంటారు. అక్కడి నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని కొత్తపేట, ఎల్‌బీ నగర్. నల్గొండ నుంచి, ఖమ్మం నుంచి, కృష్ణా గుంటూరుల నుంచి బస్సు దిగినవాడు ఆ రోడ్డు పక్కనే ఇల్లు చూసుకున్నాడు. రోడ్డు పక్కన అయిపోయాక లోపలికి, అంటే మీ నాగోలు వైపుకు వచ్చారు. హుడా (హెచ్‌ఎండీఏకు ముందున్న నగరాభివృద్ధి సంస్థ) 1975లో వచ్చింది, పట్టణ భూపరిమితి చట్టం 1976లో. ఖాళీ భూమి ఎక్కువుంటే సర్కారు తీసుకుంటుందన్న భయం 2008లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఏదో ఒక రూపంలో ఉంది. ముక్కలు చేసి అమ్మితే గొడవ లేదన్నది అందరికీ తోచిన ఉపాయం. పంచాయతీ ముద్ర ఉన్న లేఅవుట్ కాగితం చూపిస్తే కొనేవాళ్లూ కొన్నారు. ఆ కాగితంలో కాలువ ఉండదు. కాలువ గీస్తే నాలుగు ప్లాట్లు తగ్గుతాయి.

#28 గుంటూరోడు
కొనేవాళ్లలో మా నాన్న ఒకరు. ఊళ్లో రెండెకరాల పత్తి చేను అమ్మి ఇక్కడ 267 గజాలు కొన్నారు. ఎకరానికి 4,840 గజాలు కదా, ఎన్నో వంతో లెక్క వేసి మా తాత మూడు రోజులు అన్నం తినలేదట. పొలం అమ్మి పొలం ముక్కే కొన్నాం, పంట మాత్రం లేదు. మేం కూడా ఎవరినీ అడగలేదు "ఇక్కడ ముందు ఏముంది" అని. అడిగితే తీసుకోకపోయేవాళ్లమా? ఏమో, తీసుకునేవాళ్లమే.

#29 నాలుగోలైన్
నేను #1లో చెప్పిన టీ తాగినవాళ్లలో ఒకణ్ణి. సారీ అండి. మా ఇంట్లో గ్యాస్ ఉంది కాబట్టే తాగాం, మీ గేటు దగ్గరికి రావడానికి దారి లేదు. ఆ రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది, గుర్తుందా?

#30 వంకరలైన్
#29 😄 పర్లేదు. మీరు తర్వాతి రోజు ఇడ్లీలు పంపారు, అదీ మర్చిపోలేదు.

#31 వంకరలైన్
మూడు వారాల తర్వాత వస్తున్నాను. పహాణీ నకలు దొరికింది. ఏ ఆఫీసో చెప్పను, ఐదుసార్లు తిరిగాను, ఐదోసారి వర్షం పడుతుంటే జాలిపడి ఇచ్చారు.

మా సర్వే నంబరు: తరి. నీటి వనరు గడిలో "కుంట". పంట: వరి. చాలా ఏళ్లు వరి, వరి, వరి అనే ఉంది, ఒకే చేతిరాత. 1986 దగ్గర చేతిరాత మారింది, "పడావు" (సాగు లేక బీడు) అని ఉంది. తర్వాత మూడేళ్లూ పడావే.

పక్క సర్వే నంబరుది కూడా తీయించాను (పాత_పహాణీ గారు ఫోన్‌లో చెప్పారు, థాంక్స్ సార్). అది ఇప్పటి ఒకటి, రెండు లైన్లు. బాగాయత్. నీటి వనరు: బావి. పంట: ద్రాక్ష.

గ్రామ నక్షాలో కాలువ చుక్కల గీతగా ఉంది. ఫోన్‌లో మ్యాపు పక్కన పెట్టుకుని చూశాను. అదే కొడవలి వంపు. ఒళ్లు ఝల్లుమంది.

#32 గుంటూరోడు
నల్లమట్టి గెలిచింది ✊

#33 బాగాయత్_బిడ్డ
ద్రాక్ష కూడా గెలిచింది. రెండూ పక్కపక్కనే. అయితే కడీలు మీ పెరట్లోకి ఎలా వచ్చాయో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. తోటలు తీసేసినప్పుడు మంచి కడీలు లారీల్లో పోయాయి, ఫెన్సింగుకు కొనుక్కుపోయేవాళ్లు. ఇప్పటికీ ఊళ్ల వైపు పొలాల చుట్టూ నిలబడి ఉంటాయి. విరిగినవి, వంకరవి ఎవరూ తీసుకోలేదు. కాలువ పూడ్చేటప్పుడు అడుగున అవే పడేసి పైన మట్టి పోశారు.

#34 కట్టమీదికాకి
అమ్మకు #33 చదివి వినిపించా. "అవును, రాళ్లు పడేశారు, వాటి మీద తట్టలు పోసినం" అంది. రాళ్ల మీద కాలు జారి పడిందట కూడా. మోకాలి కింద మచ్చ చూపించింది. ఆ మచ్చ గురించి ఇన్నేళ్లు నేను అడగలేదు.

మత్తడి సంగతి కూడా రాస్తానన్నాను. ఇప్పుడు ఫంక్షన్ హాల్ ఉన్న చోటు. అక్కడి నుంచి నీళ్లు కింది చెరువుకు, అక్కడి నుంచి మూసీకి. అన్నీ గొలుసుకట్టే. నీళ్లు పంచడానికి ఒక నీరడి ఉండేవాడు, తూము తెరిచేది, మూసేది ఆయనే. ఎవరి మడికి ఎన్ని గంటలో ఆయన నోటి లెక్క. ఇప్పుడు తూమూ లేదు, నీరడీ లేడు, ఫంక్షన్ హాల్ పార్కింగ్ ఉంది.

#35 పాత_పహాణీ
అంటే వాన నీళ్లు మీ మూడో లైన్లోకే ఎందుకు వస్తాయో కూడా తేలింది. మత్తడి మూసుకుపోయింది, పాత కాలువ ఇంకా పల్లంలోనే ఉంది.

వంకరలైన్ గారూ, ఒక సలహా. ఆ జిగురుమట్టిలో ఇంకుడు గుంత దండగ. నీళ్లు ఇంకవు, దోమలు పెరుగుతాయి. ఇంటి ముందు వైపు తవ్వి చూడండి, ఎర్రమట్టి తగిలితే అక్కడ పెట్టండి. లేదంటే పాత బోరు ఉంటే ఫిల్టరు పెట్టి వాన నీళ్లు దాంట్లోకి దింపండి.

#36 గుడిఅవతల
నా సంగతి ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే చెప్తున్నా. మ్యాపు చూశాను. ఆ అపార్టుమెంట్ సగం బఫర్‌లో ఉంది. అడ్వాన్స్ వెనక్కి అడిగాను. "పండగ తర్వాత చూద్దాం" అంటున్నాడు. ఏ పండగో చెప్పలేదు.

#37 రెంటుకున్నోడు
బోనాలకు వెళ్లి కట్టమైసమ్మకే చెప్పు బ్రో. ఆవిడకు సర్వే నంబర్లన్నీ తెలుసు.

#38 వంకరలైన్
#35 గుంత పూడ్చేశాం సార్. ఇంటి ముందు తవ్వితే రెండడుగులకే మొరం వచ్చింది, అక్కడ పెట్టాం. కడీలు మాత్రం బయట గోడకు ఆనించి ఉన్నాయి. పడేయబుద్ధి కావట్లేదు. బాగాయత్_బిడ్డ గారూ, మీ తాతగారి తోటవే అయ్యుండొచ్చా?

#39 బాగాయత్_బిడ్డ
మాదీ బావి కింద తోటే, మీ దగ్గర్లోదే. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఆ లైన్లో మూడు తోటలుండేవి, కడీ మీద ఎవరూ పేరు రాయించుకోలేదు. ఆదివారం వచ్చి చూస్తా. మా నాయనను కూడా తీసుకొస్తా, గాడి చూసి ఏమైనా చెప్తాడేమో.

#40 నాలుగోలైన్
ఆదివారం ఇడ్లీలు నావి.

#41 కట్టమీదికాకి
అమ్మను రమ్మన్నా. "ఆ రాళ్లు చూసేదేముంది, మోసిన" అంది. కానీ ఒక మాట అడగమంది. వాడకపోతే ఆ కడీలు ఇస్తారా అని. మా డాబా కింద దొండ పందిరి వేయాలట, కర్రలు రెండేళ్లకే చెదలు పడుతున్నాయి.

#42 వంకరలైన్
తప్పకుండా ఇస్తాను. కానీ పందిరికి నాలుగు కావాలి కదా, ఉన్నవి మూడే.

#43 నాలుగోలైన్
నాలుగోది మా ఇంటి దగ్గర ఉంది. పునాది తవ్వినప్పుడు వచ్చింది. ఇన్నేళ్లుగా దానికి కుక్కను కట్టేస్తున్నాం.